మందుకు ముందు మూత్రపరీక్ష

మీ ఇంటిలో మూడేండ్ల పాపకు రెండు దినములుగా జ్వరము కాయుచున్నదనుకొనుడు. దగ్గు లేదు, జలుబు లేదు, విరేచనములు లేవు; అయినను ఒళ్ళు కాలిపోవుచున్నది, అన్నము ముట్టుట లేదు, ఒంటికి కూర్చుండబెట్టగనే ఏడ్చి లేచిపోవుచున్నది. కదిరి సీమలో ఎండలు ముదిరిన వైశాఖమున ఇట్టి బిడ్డను చూచిన ఇంటి పెద్దలు చెప్పు మొదటి మాట ఏమి? ‘‘వేడి చేసింటుంది లేమ్మా, సబ్జాగింజలు నానబెట్టి తాపించు’’ అనియే గదా! సబ్జా నీరు, పలుచని మజ్జిగ తాపించుటలో దోషమేమియు లేదు. చెమట అధికమై, త్రాగిన నీరు చాలక, మూత్రము చిక్కబడి పచ్చగా మారినపుడు మంట పుట్టుటయు నిజమే. కాని ఆ మంటతోపాటు జ్వరము కూడ ఉన్నపుడు దానిని సైతము వేడి లెక్కలోనే కలిపివేసి, మూడు నాలుగు దినములు గడపి, అప్పటికిని తగ్గకున్న మెడికల్ షాపునకు పోయి తోచిన యాంటీబయాటిక్ సీసాను తెచ్చి పోయుట అను అలవాటు మన ఇండ్లలో వేరూనియున్నది. తల్లులారా, తండ్రులారా, ఈ అధ్యాయము మీ చేత మాన్పింపగోరునది ఆ అలవాటునే.

పసిబిడ్డల మూత్రవ్యాధిని చిన్నదిగా చూడరాదు. మూత్రాశయమున మొదలైన సూక్ష్మజీవులు పైకెక్కి మూత్రపిండములను చేరినచో అచ్చట మాయని మచ్చలు మిగులవచ్చును. అట్టి మచ్చలు మిక్కుటమైన బిడ్డలలో కొందఱికి యౌవనమున రక్తపోటు, మూత్రపిండముల బలహీనత సంభవింపవచ్చును. కనుక మందు త్వరగా పడవలెను, పడిన మందు సరియైనదై యుండవలెను. ఈ రెండవ షరతే నేడు కష్టమైనది. ఏలయన, మొన్నటి వఱకు లొంగిన సూక్ష్మజీవులు నేడు అనేక మందులకు లొంగుట లేదు.

ఈ సంగతి హఠాత్తుగా మన మీద పడినది కాదు. పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరు 11వ తేదీన తన నోబెల్ ఉపన్యాసములోనే, మోతాదు చాలని మందు సూక్ష్మజీవులను చంపక వానిని మొండిగా మార్చునని హెచ్చరించియుండెను. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు సారథ్యము వహించిన లెడర్లే సంస్థ నుండి ఆరియోమైసిన్ 1948లో లోకమునకు అందినది. తెలుగువాని పర్యవేక్షణలో వెలువడిన ఆ మందు జాతియే నేడు అనేక సూక్ష్మజీవుల యెదుట నిష్ఫలమగుచున్నదని తలంచినపుడు మనసు కలుక్కుమనును.

వేరుసెనగ పండించు మీకు ఇందలి మర్మమును విప్పిచెప్ప నక్కఱలేదు. చేనిలో పురుగు పడినదని ఒకే మందును ఏటేట కొట్టినచో, బలహీనమైన పురుగు చచ్చి, మందునకు తట్టుకొన్న పురుగు మిగిలి, దాని సంతతియే చేనంతయు పరచుకొనును గదా! బిడ్డ ప్రేవులలోను జరుగునది ఇదియే. పిల్లల మూత్రవ్యాధులలో నూటికి 80కి తక్కువ కాకుండ కారణమగునది ఇ.కోలై అను సూక్ష్మజీవి. అది బయటి నుండి వచ్చిన శత్రువు కాదు, బిడ్డ ప్రేవులలోనే కాపురముండునది. జలుబునకని మీరు పోసిన యాంటీబయాటిక్ జలుబును తగ్గింపదు గాని, ప్రేవులలోని సాధు సూక్ష్మజీవులను చంపి మొండివానికి చోటు చేయును. కొన్ని నెలల తరువాత ఆ మొండిదే మూత్రమార్గమున ప్రవేశించినచో, అప్పుడు మన చేతిలోని మందు దానికి లెక్క కాదు.

ఇది ఊహ కాదు. 26 దేశముల పిల్లల మూత్రములో దొరకిన ఇ.కోలైని గూర్చిన పరిశోధనలనన్నిటిని ఒకచోట కూర్చి, 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన సమీక్షను చూడుడు. సంపన్న దేశముల కూటమికి వెలుపలనున్న దేశములలో ఆంపిసిలిన్‌కు లొంగనివి నూటికి సుమారు 80. అమాక్సిసిలిన్-క్లావులనేట్ మిశ్రమమునకు లొంగనివి నూటికి 60. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగనివి నూటికి 27. సంపన్న దేశములలో ఆ కడపటి సంఖ్య రెండు మాత్రమే. యాంటీబయాటిక్ వాడిన బిడ్డలలో మొండి సూక్ష్మజీవులు ఉండు అవకాశము ఆరు నెలల వఱకును అధికముగా కనబడెనని ఆ సమీక్షయే తేల్చినది. ఇక ‘‘మా బిడ్డకు మందులు పడవు’’ అని మీరనుకొనుచుండిన, ఆ మాటను విడువుడు; మందునకు లొంగనిది బిడ్డ శరీరము కాదు, దానిలోని సూక్ష్మజీవి. బిడ్డకు సరిపడు మందు వేఱొకటి సాధారణముగా ఉండనే యుండును. దానిని కనుగొనుట యెట్లు? ఊహించి కాదు, పరీక్షించి.

1. కారణము కనబడని జ్వరమునకు మూత్రమును అనుమానింపుడు.

మాటలు వచ్చిన బిడ్డ మంటయని చెప్పును. మాటలు రాని బిడ్డ యేమి చెప్పగలదు? జ్వరము, వాంతులు, పాలు త్రాగకుండుట, విసుగు, మూత్రమున దుర్గంధము, మూత్రమునకు పోవునపుడు ముఖము ఎఱ్ఱబడి ఏడ్చుట వంటివే పసివాని భాష. రాత్రులు పక్క తడుపుట మానిన అయిదేండ్ల బిడ్డ మరల తడుపనారంభించినచో కొట్టక, తిట్టక, మూత్రపరీక్ష చేయింపుడు. మూడు నెలలు నిండని శిశువునకు జ్వరము వచ్చినచో ఈ అధ్యాయమును పూర్తిగా చదువువఱకు కూడ ఆగక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు. మందు నిలువని వాంతులు, మగత, మూత్రములో రక్తము, చాలసేపటి నుండి మూత్రము రాకుండుట, ఇవి యే వయసులోనైనను ఆలస్యమును సహింపవు.

అట్లని యే లక్షణమును లేని బిడ్డకు ఊరక మూత్రపరీక్షలు చేయింపవలదు. ఆరోగ్యముగా ఆడుకొను బిడ్డ మూత్రములోను ఒక్కొక్కప్పుడు సూక్ష్మజీవులు కనబడును; వానికి మందు వేయుట వలన మేలు లేకపోగా మొండితనము పెరుగును.

2. మొదటి మోతాదు నోట పడక ముందే మూత్రమును పట్టుడు.

ఈ అధ్యాయమంతటిలో మీరు గుర్తుంచుకొనవలసినది ఒక్కటే యైనచో, ఇది గుర్తుంచుకొనుడు. యాంటీబయాటిక్ ఒక్క మోతాదు పడినను మూత్రములోని సూక్ష్మజీవులు కల్చర్ పరీక్షలో పెరుగకపోవచ్చును. అప్పుడు రిపోర్టు ‘ఏమియు లేదు’ అని వచ్చును, వ్యాధి మాత్రము లోపలనే యుండును. మూత్రమును ఇచ్చిన మఱుక్షణమున వైద్యుడు మందు మొదలుపెట్టవచ్చును. తీవ్రమైన జ్వరమున్న బిడ్డకు రెండు మూడు దినములు పట్టు రిపోర్టు కొఱకు మందు ఆపరాదు. మూత్రము ముందు, మందు వెనుక. నడుమ ఆలస్యము వలదు.

పట్టు విధానమును శ్రద్ధగా గ్రహింపుడు. ల్యాబులో ఇచ్చు శుద్ధి చేసిన మూతగల డబ్బాయే కావలెను. ఇంటిలోని మందు సీసాను ఎంత కడిగినను పనికిరాదు. బిడ్డ మూత్రావయవమును మంచినీటితో కడుగుడు. డెట్టాల్ వంటివి తగిలింపవలదు. మొదటి ధారను విడిచి, నడిమి ధారను డబ్బాలో పట్టి, డబ్బా లోపలి భాగమునకు వ్రేలు తగులకుండ మూత బిగింపుడు. అడుగ లేని పసివానికైతే పాలు త్రాపి, ఒడిలో పెట్టుకొని, డబ్బాను తెఱచి సిద్ధముగా ఉంచుకొనుడు. చన్నీటిలో తడిపిన గాజుగుడ్డతో పొత్తికడుపు క్రింది భాగమును మెల్లగా రుద్దినచో అయిదు నిమిషములలో మూత్రము విడిచిన శిశువులు నూటికి 31 మంది, రుద్దకున్న 12 మంది మాత్రమే యని ఆస్ట్రేలియా వైద్యులు 2017లో చూపిరి. చర్మమునకు అతికించు సంచిలో పట్టిన మూత్రములో చర్మము మీది సూక్ష్మజీవులు కలియును గనుక, దాని కల్చర్‌ను నమ్మి మందు మొదలిడుట పొరపాటు.

ఇక్కడ మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. తనకల్లు నుండియో, నంబులపూలకుంట నుండియో ఒక తల్లి తెల్లవారి ఇంటిలోనే మూత్రమును డబ్బాలో పట్టి, గుడ్డసంచిలో వేసికొని, బస్సెక్కి కదిరి చేరి, అచ్చట వరుసలో నిలిచి, ఎండ నెత్తికెక్కిన వేళకు ల్యాబు బల్ల మీద పెట్టుచున్నదనుకొందము. ఆ మూడు గంటలలో, ఆ వెచ్చదనములో, డబ్బాలోని కొద్దిపాటి సూక్ష్మజీవులు పెరిగి పెరిగి లక్షలగును. రిపోర్టులో లేని రోగము కనబడును. మూత్రము గంటలోపల ల్యాబునకు చేరవలెను. చేరదని తెలిసినచో నాలుగు డిగ్రీల చలువలో, అనగా ఫ్రిజ్ క్రింది అరలో ఉంచవలెను, గడ్డకట్టు అరలో కాదు. అంతకంటె మేలైన ఉపాయము, బిడ్డకు త్రోవలో నీరు త్రాపి, ల్యాబు చేరిన పిదప అచ్చటనే పట్టుట. మీరు చూపించుకొను చోట కల్చర్ చేయుదురా యని ముందే అడుగుడు. అచ్చట లేనియెడల బత్తలపల్లిలోని ఆర్.డి.టి. ఆసుపత్రి, సుమారు 90 కిలోమీటర్ల దూరముననున్న అనంతపురము సర్వజన ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులకు పోవలసివచ్చినపుడు, డబ్బాను పంపక బిడ్డనే తీసికొనిపోవుట మంచిది.

3. పాత సీసాను, పాత మందును మరల అడుగవలదు.

వానలు తప్పిన యేడు తల్లిదండ్రులు బెంగుళూరు పనులకు పోగా, బిడ్డ అవ్వ దగ్గఱ ఉన్నది. అవ్వ మెడికల్ షాపు ముందు నిలుచున్నది.

‘‘నాయనా, పోయిన మాఘంలో బిడ్డకు ఇచ్చినావే తెల్లమందు, అదే ఇంగొకటి ఈయప్పా. ఒంటికి పోసేటప్పుడు మంటంటాంది, ఒళ్ళు కూడా కాలతాంది.’’

‘‘చీటీ తెచ్చినావా అవ్వా?’’

‘‘చీటీ యాడుందో ఏమో. దాని అమ్మానాయన ఈడ లేరు. నువ్వే చూసి ఈయి నాయనా.’’

ఈ సంభాషణలో దుర్మార్గు లెవ్వరును లేరు. అవ్వకు బిడ్డ మీద ప్రేమయే, అంగడివానికి ముసలిదాని మీద జాలియే. అయినను ఆ జాలి వలన బిడ్డకు కీడే కలుగును. మాఘములో వాడిన మందునకే ఈ సూక్ష్మజీవి అలవాటుపడియుండు అవకాశము మిక్కిలి. సిఫిక్సిమ్ వంటి యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్1 అను పట్టికలోనివి. 2014 మార్చి 1వ తేదీ నుండి అమలులోనున్న నిబంధన ప్రకారము వానిని డాక్టరు చీటీ లేక అమ్మరాదు, అమ్మినచో డాక్టరు పేరు, రోగి పేరు పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱుపవలెను. కనుక చీటీ అడిగిన అంగడివాని మీద కోపింపక, అతడు మీ బిడ్డకు మేలు చేయుచున్నాడని గ్రహింపుడు. మాత్రల అట్ట మీద నిలువు ఎఱ్ఱగీత కనబడినచో, అది వైద్యుని మాట లేక మ్రింగరాని మందు. అవ్వకు దారి తోచనపుడు ఊరి ఆశా కార్యకర్తనో, ఏ.ఎన్.ఎం.నో అడుగవచ్చును, ఆర్.ఎం.పి. సూదికంటె వారి సలహా మేలు.

4. రిపోర్టును మీరును చూడుడు, తీర్పు మాత్రము వైద్యునికి విడువుడు.

కల్చర్ రిపోర్టులో సూక్ష్మజీవి పేరు, దాని సంఖ్య, క్రింద మందుల వరుస, ప్రతి మందునకు ఎదుట ఎస్, ఐ, ఆర్ అను అక్షరములలో నొకటి ఉండును. ఎస్ అనగా లొంగునది, ఆర్ అనగా లొంగనిది, ఐ అనగా నడిమిది. ‘మిశ్రమముగా పెరిగినవి’ అని వచ్చినచో మూత్రము కలుషితమైనదని తలంచి మరల ఇయ్యవలెను గాని, దానికే మందు కోరరాదు. ‘ఇ.ఎస్.బి.ఎల్.’ అని వ్రాసియున్నచో ఆ సూక్ష్మజీవి సిఫిక్సిమ్ జాతి మందులను విఱుచు శక్తి గలదని అర్థము. భయపడవలదు, వేఱు మందులు కలవు, కాని కొన్నిటికి ఆసుపత్రిలో చేరి సూదిమందు తీసికొనవలసి యుండును.

ఎస్ ఉన్న మందునెల్ల మీరే యెంచుకొనవచ్చునా? వలదు. నైట్రోఫ్యూరాంటోయిన్‌కు తఱచుగా ఎస్ కనబడును. అది మూత్రములోనికి చేరి మూత్రాశయపు వ్యాధికి చక్కగా పనిచేయును గాని, మూత్రపిండపు కండలో చాలినంతగా నిలువదు గనుక తీవ్రజ్వరముతో కూడిన వ్యాధికి చాలదు. ఇట్టి తారతమ్యము అక్షరములలో కనబడదు.

5. మోతాదును కొలుచుటలో లోభము వలదు, తొందర వలదు.

పొడి సీసాలో కాచి చల్లార్చిన నీటిని గీత వఱకు పోసి, బాగుగా కుదిపి, నురుగు దిగిన పిదప మరల గీత చూచుకొనుడు. నీరు తక్కువైన మందు చిక్కనగును, ఎక్కువైన మందు పలుచనగును; రెండును మోతాదును చెఱచును. వంటింటి చెంచాలు రెండు ఒక తీరుగా ఉండవు. సీసాతో ఇచ్చిన మూతనో, గీతల గొట్టమునో వాడుడు. పిల్లల మోతాదు బరువును బట్టి యుండును గనుక, అంగన్‌వాడీలో తూచిన తాజా బరువును డాక్టరునకు చెప్పుడు. కలిపిన మందులలో కొన్ని ఫ్రిజ్‌లోనే ఉండవలెను, ఏడు దినములకు మించి నిలువవు. నలువది డిగ్రీలు దాటు మన వేసవిలో రేకుల ఇంటి గూటిలో అట్టి సీసా చెడిపోవును. మీ ఇంటిలో ఫ్రిజ్ లేదని సిగ్గుపడక ముందే చెప్పినచో వైద్యుడు మఱియొక మందును ఆలోచించును.

ఎన్ని దినములు? మూత్రాశయమునకే పరిమితమైన వ్యాధికి కొద్ది దినములు చాలవచ్చును. జ్వరముతో మూత్రపిండమునకెక్కినపుడు సాధారణముగా ఏడు మొదలు పది దినములు. జ్వరము తగ్గినది గదా యని మూడవనాడే మానివేయుట, మిగిలిన అరసీసాను మఱుసటి జ్వరమునకు దాచుట, తమ్మునికి పంచుట, ఈ మూడును తప్పులే. మందు మొదలిడి 48 గంటలైనను జ్వరము దిగకున్న, సీసా మార్చుమని అంగడికి కాక, రిపోర్టు చూడుమని డాక్టరు వద్దకు పొండు.

6. జలుబునకు యాంటీబయాటిక్ అడుగవలదు.

జలుబు వైరస్ వలన వచ్చును. యాంటీబయాటిక్ దానిని తాకదు. ‘‘గట్టి మందు రాయి సార్’’ అని మీరు పట్టుబట్టినపుడు కాదనలేక వ్రాయు వైద్యులు కలరు. దానికి బదులుగా ‘‘ఇది లేకున్నా తగ్గునా?’’ అని అడిగిచూడుడు; ఆ ప్రశ్న అనేక చీటీలను చిన్నవి చేయును.

7. వ్యాధి రాకుండ చేయు పనులు చౌకయైనవి.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచు సీమలో నీటిని పొదుపు చేయుట మన రక్తములోనే యున్నది. కాని బిడ్డ గొంతు దగ్గఱ ఆ పొదుపు వలదు. బడికి పోవు ఆడపిల్లను ఒక సాయంకాలము మెల్లగా అడుగుడు: ‘‘బడిలో ఒంటికి పోతావా, పోవా?’’ మరుగుదొడ్డిలో నీళ్ళు రావనియో, తలుపునకు గొళ్ళెము లేదనియో, ఉదయము నుండి నీరే త్రాగక నాలుగు గంటల వఱకు బిగబట్టుకొను పిల్లలు ఎందఱో! అట్లు నిలిచిన మూత్రములో సూక్ష్మజీవులు పెరుగును. హెడ్మాస్టరును కలిసి, ఆ గొళ్ళెమును పెట్టించుట యాంటీబయాటిక్‌కంటె గొప్ప వైద్యము. ఫాల్గుణమున ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి రథోత్సవమునకు వచ్చు జనసమ్మర్దములోను ఇదే కథ. భుజముల మీద బిడ్డను మోయు తండ్రి రెండు గంటల కొకసారి నీరు త్రాపి, ఒంటికి తీసికొనిపోవుట మఱువరాదు.

మలబద్ధకము మూత్రవ్యాధికి తోబుట్టువు. నిండిన పెద్దప్రేగు మూత్రాశయమును నొక్కి, మూత్రము పూర్తిగా పోకుండ చేయును. రాగిసంగటి, ఆకుకూరలు, పండ్లు, తగినంత నీరు ఇండ్లలో ఉన్న వైద్యములే. ఆడపిల్లలకు ముందు నుండి వెనుకకు కడుగుకొనుట నేర్పుడు. మగపిల్లల చర్మమును శుభ్రత పేర బలవంతముగా వెనుకకు లాగవలదు. చిన్నతనమున అది అంటియుండుట సహజము, లాగినచో గాయమగును.

8. కాగితములన్నిటిని ఒకే కవరులో ఉంచుడు.

కల్చర్ రిపోర్టు, డాక్టరు చీటీ, గత ఆరు నెలలలో వాడిన మందుల ఖాళీ అట్టలు, బరువు వ్రాసిన కార్డు, స్కానింగు తీసినచో దాని కాగితము, ఇవన్నియు ఒక ప్లాస్టిక్ కవరులో వేసి అవ్వ చేతికి ఇయ్యుడు. ఫోటోలు తీసి బెంగుళూరిలోని నాయన ఫోనులోను, ఇంటనున్న వారి ఫోనులోను ఉంచుడు. బిడ్డకు మరల జ్వరము వచ్చి ఆసుపత్రికి పోయిన రాత్రి, క్రొత్త కల్చర్ ఫలితము రెండు దినములకు గాని రాదు. కాని ఆ కవరులోని పాత రిపోర్టులో ఏ మందునకు ఎదుట ఆర్ ఉన్నదో చూచి, దానిని తప్పించి, మఱియొక మందుతో ఆ రాత్రియే చికిత్స మొదలిడుటకు వైద్యునికి వీలగును.